‘అమ్మ’ అని చదువలేని చదువు

విజయదశమినాడును, వసంతపంచమినాడును మన యూరూరి యాలయములందు ఒక మనోహరమగు దృశ్యము కానవచ్చును. తండ్రి యొడిలో కూర్చుండిన చిన్నబిడ్డ, పళ్ళెమున పరచిన బియ్యముపై, పెద్దలు వ్రేలు పట్టి దిద్దింపగా తొలి యక్షరము వ్రాయును. గోదావరీ తీరమున బాసర క్షేత్రమందు ఆ దినములలో కాలు మోపుటకు చోటు దొరకదు. దూరదేశములనుండి రైళ్ళలోను, బస్సులలోను బిడ్డలను చంకనెత్తుకొని వచ్చి, గంటలకొలది నిలిచి, సరస్వతీ సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుకొని పోవువారిని చూచినప్పుడు, ఈ జాతికి చదువుపై గల భక్తి యెంతటిదో తెలియును.

మరి మరునాటి మాట యేమి? మరునాడు పలక గూటిలోనికి పోవును; బిడ్డ స్కూలు బండిలోనికి పోవును. ‘ఇక బడివారు చూచుకొందురు’ అని తలిదండ్రులు చేతులు దులుపుకొందురు. పండుగనాడు వ్రేలు పట్టి దిద్దించిన ఆ చేయి మరల పదియేండ్లవరకు బిడ్డ పుస్తకమును తాకదు. తాకినను మార్కుల చీటిపై సంతకము చేయుటకే తాకును. ఈ మరునాటిని గూర్చియే మేమీ వారము పాఠకులకు కొంత మనవి చేయదలచితిమి.

ముందుగా బడులలోని స్థితి చూతము. ప్రథమ్ సంస్థవారు 2005వ సంవత్సరమునుండి మన దేశపు గ్రామసీమలందు ఇల్లిల్లు తిరిగి, పిల్లల చేతికి చిన్న పాఠమిచ్చి చదివించి, ‘అసర్’ అను పేర ఫలితములను ప్రకటించుచున్నారు. 2022వ సంవత్సరపు లెక్కలో, రెండవ తరగతి పాఠమును తడబడక చదువగలిగినవారు మూడవ తరగతి పిల్లలలో నూటికి 20 మంది మాత్రమే. 2024లో ఆ సంఖ్య 27కు పెరిగినది. అయిదవ తరగతి పిల్లలలో సయితము అదే పాఠమును చదువగలిగినవారు 2024లో నూటికి 49కి మించలేదు. పెరిగినది నిజమే, అందులకు సంతసింపవలసినదే. కాని అయిదేండ్లు బడికి పోయి, అయిదేండ్ల పుస్తకములు మోసి, నూటికి సగముమంది బిడ్డలు తమ యింటి భాషలోనో, బడి భాషలోనో రెండవ తరగతి పాఠము చదువలేకున్నారనిన, అది ఏ జాతియు తల యెత్తుకొని చెప్పుకొనదగిన మాట కాదు.

‘ఇది పల్లెల సంగతి; మాకేమి?’ అని పట్టణవాసులగు పాఠకులు నిశ్చింతగా నుండ వలదు. ఈ పత్రికనే మీ యింటి పదియేండ్ల బిడ్డ చేతికిచ్చి, ఒక్క పేరా చదువుమనుడు. వేలకు వేలు జీతము కట్టు స్కూళ్ళలో చదువుచు, ఇంట తెలుగున గలగల మాటలాడుచు, తెలుగు అక్షరము కనబడినంతనే కన్ను ప్రక్కకు త్రిప్పుకొను పిల్లలు వీధికి పదిమంది గలరు. పల్లెటూరి బీదబిడ్డకు చదువు రాకపోవుట దారిద్ర్యమువలన. పట్టణపు బిడ్డకు రాకపోవుట నిర్లక్ష్యమువలన. రెండింటి ఫలమొక్కటే.

ప్రభుత్వమువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము, చిన్న తరగతులలో చదువుట, వ్రాయుట, లెక్కించుట అను మూడింటిని మించిన కార్యము వేరొకటి లేదని స్పష్టముగా చెప్పినది. వీలైనచోట నెల్ల కనీసము అయిదవ తరగతివరకు మాతృభాషయందే బోధింపవలెననియు చెప్పినది. 2021 జూలైలో ‘నిపుణ్ భారత్’ అను పేర కార్యక్రమ మారంభించి, 2026–27 నాటికి మూడవ తరగతి ముగియుసరికి ప్రతి బిడ్డకును చదువుట రావలెనని గడువు పెట్టుకొన్నారు. మంచిదే. కాని బిడ్డ దినమునకు ఇరువదినాలుగు గంటలలో బడియందుండునది ఆరేడు గంటలు. ఆ ఆరేడు గంటలలో ఉపాధ్యాయుడు ఒక్కొక్క బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించు సమయము ఎన్ని నిమిషములు? ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను చూచు బడులలో ఆ కొద్ది నిమిషములును దొరకవు. చదువుట యను విద్య గుంపుగా వచ్చునది కాదు. ఈతవలె ఒక్కొక్కరికే రావలెను. ప్రక్కన నిలిచి చేయి యందించువారు కావలెను. అట్టివారు ఇంటనే గలరు.

చదువుట యనగా నేమి? 1986లో గఫ్, టన్మర్ అను ఇద్దరు పండితులు దీనిని మిక్కిలి తేటగా వివరించిరి. చదివి గ్రహించుటలో రెండు శక్తులున్నవి: ఒకటి, గీతను చూచి ధ్వనిగా మార్చుకొను శక్తి, రెండవది, ఆ ధ్వనిని విని అర్థము చేసికొను శక్తి. ఈ రెండును కూడికలోని అంకెలవంటివి కావు, హెచ్చవేతలోని అంకెలవంటివి. ఒకటి సున్న యైనచో మొత్తము సున్నయే. అక్షరములన్నియు వచ్చి భాష రాని బిడ్డ చిలుకవలె పలుకును. భాష వచ్చి అక్షరములు రాని బిడ్డ పుస్తకము ముందు మూగయగును. మన బడులు మొదటి శక్తిని మాత్రమే కొంత చూచుచున్నవి. రెండవ శక్తికి పునాది తల్లి యొడిలో పడవలెను. అది అక్కడ పడకపోయెనా, ఎంతటి బడియైనను ఆ లోటును సులభముగా తీర్పజాలదు.

ఈ రెండవ శక్తికి మన యిండ్లలో పూర్వము కొదువ లేకుండెను. జాబిల్లిని చూపి అన్నము తినిపించు పాటలు, నిద్రపుచ్చు లాలిపాటలు, వాకిట మంచముపై తాత చెప్పు కథలు, వేసవి రాత్రులందు విప్పుమని వేధించు పొడుపుకథలు, నోట పట్టించిన శతకపద్యములు, ఇవన్నియు అక్షరమెరుగని బిడ్డకు మాటల మూటలు కట్టి యిచ్చినవి. పొడుపుకథ విప్పుటకు మాటను తిరగవేసి మరుగవేసి చూడవలెను. పద్యము పట్టుటకు ధ్వనిని విడదీసి వినవలెను. చదువునకు ఇంతకు మించిన ముందుచూపు మరేమున్నది? నేడు ఆ సమయమును చేతిఫోను మ్రింగివేసినది. అన్నము తినని బిడ్డ ముందు ఫోను నిలుపుట తల్లికి తేలిక. కాని ఫోను బిడ్డతో మాటలాడునే గాని, బిడ్డ మాట వినదు. బిడ్డ ‘అదేమి?’ యనినప్పుడు ఆగి సమాధానము చెప్పదు. వినువారు లేనిచోట మాట పెరుగదు. బిడ్డకు చదువు నేర్పదలచినవారు మొదట చేయవలసినది అక్షరము దిద్దించుట కాదు. దినమునకొక కథ చెప్పి, మరునాడు ఆ కథను బిడ్డచేతనే చెప్పించుకొనుట. ఇందులకు ఖర్చు లేదు; డిగ్రీ అక్కరలేదు.

ఇక అక్షరము మాటకు వత్తము. ఈ విషయమున తెలుగు బిడ్డ పుణ్యము చేసికొని పుట్టినాడని చెప్పవలెను. ఇంగ్లీషున సీ, ఏ, టీ అని మూడక్షరముల పేర్లను ఎంత వేగముగ పలికినను ‘క్యాట్’ అను మాట రాదు. అక్షరము పేరొకటి, ధ్వని మరియొకటి. ఆ ధ్వనియు మాటమాటకు మారును. తెలుగున ప, ల, క అని పలికిన చాలును, ‘పలక’ వచ్చి చేతిలో పడును. అక్షరము పేరే దాని ధ్వని. ఒకసారి నేర్చిన ధ్వని మరల మోసము చేయదు. ఇంతటి సులువు కలిగియు మన బిడ్డలు చదువలేకున్నారనిన, లోపము లిపియందు లేదు, నేర్పు పద్ధతియందున్నది.

లిపియందు కష్టమే లేదని మేమనుట లేదు. అక్షరములు సంప్రదాయముగా ఏబదియారు. హల్లులకు గుణింతములు చేర్చిన రూపములు నాలుగు వందలు దాటును. ఆపై ఒత్తులు. అందులో పోలికలు బిడ్డను తికమక పెట్టును: ‘ప’ ‘వ’ ‘ష’, ‘మ’ ‘య’, ‘బ’ ‘భ’, ‘ద’ ‘థ’ ‘ధ’. కొమ్ము ‘క’కు ప్రక్కన చేరును గదా యని బిడ్డ ‘వ’కు ప్రక్కన చేర్చిన, అది ‘మ’వలె కనబడును, అందుచేతనే ‘వు’లో కొమ్ము క్రిందికి దిగినది. ఈ కారణమును ఒక్కసారి చెప్పినచో బిడ్డ మరల తప్పు వ్రాయడు. చెప్పక, తప్పు వ్రాసినాడని మొట్టిన, అక్షరమన్ననే భయపడును.

అయితే అసలు చిక్కు ఇంతకంటె లోతున నున్నది. మన ప్రథమ పుస్తకముల వరుస చూడుడు. ముందు అచ్చులు, తరువాత హల్లులు, ఆ పిమ్మట గుణింతములు, అన్నిటికిని కడపట ఒత్తులు. వ్యాకరణమునకు ఈ వరుస సొంపైనదే. కాని బిడ్డకు ప్రాణమువంటి మాటలేవి? అమ్మ, నాన్న, అన్న, అక్క, అత్త, అవ్వ, బువ్వ, పిల్లి, కుక్క. వీనిలో ఒత్తు లేని మాట ఒక్కటియు లేదు. అనగా, ఏడాదిపాటు గొంతు పగుల వర్ణమాల వల్లించిన బిడ్డకు ‘ఋ’ తెలియును, ‘ఙ’ తెలియును, ‘ఝ’ తెలియును. ‘అమ్మ’ అని వ్రాసి చూపిన చదువలేడు! ఖడ్గమును, ఝషమును ఎన్నడును చూడని పసివాడు వాని బొమ్మలవద్ద నెలలు గడుపును. ఎదుట నిలిచిన తల్లి పేరు పుస్తకమున కానరాదు. ఇట్టి చదువు తనది కాదని బిడ్డ తలపోసిన తప్పెవరిది?

కావున ఇంట నేర్పువారు పుస్తకపు వరుసకు దాసులు కానక్కరలేదు. మేము సూచించు దారి ఇది. మొదట ‘అమ్మ’, ‘నాన్న’ అను మాటలను, బిడ్డ పేరును పెద్ద యక్షరములతో అట్టముక్కలపై వ్రాసి, గోడకు అంటింపుడు. వానిని విడదీసి వివరింప వలదు. బొమ్మను గుర్తు పట్టినట్లు గుర్తు పట్టనిండు. వ్రాత యనునది మాటయే యని, అందులో తనవారున్నారని బిడ్డకు మొదటి దినమే తెలియవలెను. పిమ్మట బిడ్డ నోట తరచుగా మెలగు హల్లులను, ర, ల, న, మ, త, ప, క, డ, వ, గ, ద, చ, స వంటివానిని, అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ లతో పాటు దినమునకొకటి చొప్పున నేర్పుడు. నాలుగక్షరములు వచ్చినవో లేదో వానితో మాటలు కూర్చుడు: తల, వల, కల, పలక, నడక, కలప. అక్షరము వచ్చిన దినముననే మాట చదివెనన్న సంతోషము బిడ్డకు దక్కవలెను. ఏబదియారును వచ్చిన తరువాతనే మాట యనుట, ఏబదియారు కూరలు వండినగాని అన్నము పెట్టననుటవంటిది.

తరువాత గుణింతము. ‘క కా కి కీ’ యని పాటవలె వల్లించుట చెవికింపు. కాని వల్లించు బిడ్డను ఆపి, నడుమనున్న ‘కే’ చూపి ఇదేమని యడిగిన, మొదటినుండి మరల పాడి లెక్కించుకొని గాని చెప్పడు. అట్టి గుణింతము నోటికి వచ్చినది, కంటికి రాలేదు. ఒక్కొక్క గుర్తును వేరుగ తీసికొని, దీర్ఘము చేర్చిన ధ్వని సాగును, గుడి చేర్చిన ఇట్లు మారును అని చూపి, వెంటనే మాటలలో చదివింపవలెను: కాకి, మామ, తాత, పాప, గాలి, నీరు. ఒక గుర్తు ‘క’కు చేయు పనినే మిగిలిన హల్లులకును చేయునని బిడ్డ గ్రహించిన దినమున నాలుగు వందల రూపముల బరువు పండ్రెండు గుర్తుల బరువునకు తగ్గిపోవును.

ఒత్తులలో గ, చ, డ, ద మొదలగువాని ఒత్తులు తలకట్టు తీసిన అక్షరములవలెనే యుండును. కష్టపెట్టునవి త, న, మ, య, ర, ల యను ఆరింటి ఒత్తులు. వీనికి రూపమే వేరు. వింతయేమనగా, ఆ యారింటిలో పెక్కింటికి పాఠము ఇంటిలోనే సిద్ధముగా నున్నది: అత్తలో తావత్తు, అన్నలో నావత్తు, అమ్మలో మావత్తు, అయ్యలో యావత్తు, పిల్లలో లావత్తు. గోడపై తొలినాడు అంటించిన ‘అమ్మ’ను ఈనాడు విప్పి చూపుడు. ఏడాదిగా ముఖమెరిగిన మాట ఇప్పుడు గుట్టు విప్పి పలుకరించును. అప్పుడు ఆ బిడ్డ కన్నులలోని వెలుగు చూచిన తల్లికి వేరు బహుమానమక్కరలేదు. ఖ, ఘ, ఛ, ఠ వంటి ఒత్తక్షరములు, ఋకారము మొదలగునవి ఆ తరువాత మెల్లగా వచ్చును, తొందర లేదు.

ఎంత సేపు? దినమునకు పదునైదు నిమిషములు చాలును. కాని దినమును తప్పరాదు. ఆదివారమున రెండు గంటలు కూర్చుండబెట్టి ఏడిపించుటకంటె, దీపములు పెట్టిన వేళ పావుగంట ఒడిలో కూర్చుండబెట్టుకొనుట వేయిరెట్లు మేలు. ఆ పావుగంటను మూడు పాళ్ళు చేయుడు. మొదటి పాలున బిడ్డ నిన్నటి పాఠమును చదువును. రెండవ పాలున క్రొత్త అక్షరమో, క్రొత్త గుర్తో ఒక్కటి. మూడవ పాలున పెద్దలు చదువుదురు, బిడ్డ వినును. చదువు పంక్తి క్రింద వ్రేలు జరుపుచుండుడు. చదివిన పుస్తకమే మరల మరల చదువుమని బిడ్డ పోరును, విసుగుకొన వలదు. పదియవసారి చదువునప్పుడు ఆ బిడ్డయే తరువాతి మాటను ముందుగా చెప్పుచు, అక్షరమును ధ్వనితో జత చేసికొనుచుండును.

తప్పు చదివినప్పుడు ఏమి చేయవలెను? కొంచె మాగి, తానే దిద్దుకొనునేమో చూడవలెను. దిద్దుకొననిచో మాట చెప్పి ముందుకు సాగవలెను. అంతే. వీధిబడుల నాటి బెత్తమును, కోదండమును తలచుకొని ‘మేమట్లు నేర్చితిమి గనుకనే మాకు వచ్చినది’ అను పెద్దలు నేటికిని గలరు. ఆ బెత్తమునకు భయపడి బడి యెగగొట్టి, జన్మమంతయు వ్రేలిముద్ర వేసినవారి లెక్క వారెరుగరు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో బిడ్డను కొట్టుటను నిషేధించినది. చట్టము బడి గుమ్మముకడ నిలిచినది. ఇంటి గుమ్మముకడ మన మనస్సాక్షి నిలువవలెను. గుజరాతునందు 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా, బెదరింపు లేక కథతోను, ఆటతోను పసిబిడ్డలకు చదువు చెప్పవచ్చునని చేసి చూపెను. ఆ మాట నేడు క్రొత్తది కాదు. మన యిండ్లలోనికే ఇంకను రాలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ విన్పించును: ‘బిడ్డ చదువునది ఇంగ్లీషు స్కూలు, రేపు బ్రతుకునది ఇంగ్లీషుతో, ఇంట తెలుగు చదువు నేర్పి రెండు పడవలపై కాలు పెట్టింప నేల?’ బోధనాభాషను గూర్చిన వివాదము మన దేశమున తీవ్రముగా నడచినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో ప్రభుత్వపు బడులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చుచు ఉత్తరువు చేయగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. తెలంగాణ శాసనసభ 2018లో ప్రతి బడియందును తెలుగు తప్పక బోధింపవలెనని చట్టము చేసినది. ఆ వివాదముతో మాకు నేడు పని లేదు. బడి భాష ఏదైనను కానిండు. బిడ్డ చెవి తెలుగు చెవి. పైన చెప్పిన రెండు శక్తులలో రెండవది తెలుగున ఇదివరకే సిద్ధముగా నున్నది. సిద్ధముగా నున్నదానిపై మొదటి శక్తిని నిలుపుట తేలిక. గీతలో ధ్వని యున్నదని, ధ్వనిలో అర్థమున్నదని ఒక భాషలో గ్రహించిన బిడ్డ, ఆ కీలకమును రెండవ భాషకు తీసికొనిపోవును. మరల మొదటినుండి నేర్వ నక్కరలేదు. తెలియని భాషలో తెలియని అక్షరము నేర్చు బిడ్డకు రెండు చీకట్లు ఒక్కమారే కమ్మును. ఇంగ్లీషు వద్దని మేమనుట లేదు. ఇంగ్లీషు బాగుగ రావలెననియే ముందు తెలుగు చదివింపుడనుచున్నాము.

ఈ న్యాయము మనకొక్కరికే కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరల పిల్లలకు చదువు చెప్పబూనినప్పుడు, ముందు తాము సవరభాష నేర్చి, ఆ భాషలో పాఠపుస్తకములు వ్రాసి, స్వంత ఖర్చుతో బడులు పెట్టిరి. బిడ్డ చెవిలోని భాషనుండియే చదువు మొలకెత్తవలెనని ఆయన ఆచరించి చూపిరి. మన్యమందలి సవర, కోయ, గోండు బిడ్డల యెడ నేడును ఆ ధర్మమే వర్తించును.

రాష్ట్రము వెలుపలనున్న తెలుగువారికి ఇల్లే ఏకైక బడి. తమిళనాట 2006వ సంవత్సరపు చట్టము బడులలో తమిళమును తప్పనిసరి చేసిన పిమ్మట, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగు బిడ్డలకు తమ లిపి నేర్చు అవకాశము సన్నగిల్లినది. వారికి తలిదండ్రులే ఉపాధ్యాయులు. బెంగుళూరునందలివారికి మాత్రము ఒక మేలు గలదు: కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెండ్రు, బడిలో కన్నడము చదివిన బిడ్డకు తెలుగక్షరము కొద్ది దినములలో పట్టుబడును. అమెరికాయందు 2007లో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడివంటివి వారాంతములందు తెలుగు చదువు చెప్పుచున్నవి. సముద్రములు దాటినవారు పడు శ్రమను గోదావరి యొడ్డున నున్నవారు పడకపోవుట న్యాయమా?

ఇంతవరకు మేము చెప్పినది చదువు వచ్చిన యిండ్లకు. మరి రాని యిండ్ల మాట? 2011వ సంవత్సరపు జనగణనమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి 67 మంది; స్త్రీలలో 59 మంది. అనగా పదిమంది స్త్రీలలో నలుగురు పుస్తకమున పేరు చదువుకొనలేని స్థితిలో నుండిరి. అట్టి యింట బిడ్డకు పావుగంట చదువు చెప్పువారెవరు? ముందుగా ఆ తల్లులకు ఒక మాట: చదువు రాదని బిడ్డ పుస్తకమునకు దూరముగ కూర్చుండ వలదు. కథ చెప్పుటకు అక్షర మక్కరలేదు. బిడ్డను చదువుమని కోరి, చెవియొగ్గి విని, ‘తరువాత నేమైనది?’ అని యడిగిన, అది సగము బోధన. బిడ్డతో పాటు నేర్చుటయు చేతగాని పని కాదు. 1990 తరువాతి యేండ్లలో నెల్లూరు జిల్లాయందు నడచిన అక్షరోద్యమము జ్ఞాపకము చేసికొనుడు. రాత్రి దీపముకడ అక్షరములు కూడబలుక్కొని సారావలని చేటును గూర్చిన పాఠము చదివిన దూబగుంట స్త్రీలు, 1992లో తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతయు వ్యాపింపగా, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషిద్ధమైనది. కూడబలుక్కొని చదివిన నాలుగు పంక్తులు ఒక ప్రభుత్వమును కదలించినవి! చదువు యొక్క బలమును శంకించువారికి ఇంతకు మించిన సాక్ష్యమేల?

ఇక పఠనమందిరములందు కూర్చుండి ఈ పత్రికను చదువుచున్న పెద్దలకు ప్రత్యేకముగ మనవి. మీరు కూర్చుండిన ఆ బల్ల ఊరకయే రాలేదు. 1914లో బెజవాడయందు గ్రంథాలయముల సభ కూడి, ఊరూర పుస్తకశాల వెలయవలెనని సంకల్పించినది. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము, అంతకుముందే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ భాషానిలయము వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై పుస్తకములెక్కించి, కాలువ వెంట గ్రామగ్రామమునకు పంపిరి. బండి పోని చోటికి పడవ పోయినది. పుస్తకము పాఠకుని వెదకికొని పోయినది. నేడు మన గ్రంథాలయములకు పాఠకుడే పోవుట లేదు. బిడ్డ అసలే పోడు. ఏల పోవును? అక్కడ బిడ్డ చేతికందు అరలో బిడ్డకు తగిన పుస్తకమున్నదా?

1960వ సంవత్సరపు గ్రంథాలయ చట్టము ననుసరించి ప్రజలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్ను కట్టుచున్నారు. కట్టిన సొమ్మునకు లెక్క యడుగు హక్కు మనకు గలదు. ప్రతి శాఖా గ్రంథాలయమునందును, నేలపై చాప పరచి, బిడ్డల యెత్తున ఒక అర నిలిపి, అందు బొమ్మల పుస్తకములు పెట్టుమని యడుగుడు. 1945లో ‘బాల’యు, 1947లో ‘చందమామ’యు వెలువడి తరతరముల తెలుగు బిడ్డలకు చదువుట యను రుచి మప్పినవి, అవి నేడు లేవు. కాని పుస్తకములే లేవనుట సరికాదు. నేషనల్ బుక్ ట్రస్టువారు, సికింద్రాబాదునందలి మంచి పుస్తకంవారు చిన్నపిల్లల పుస్తకములు తెలుగున ప్రకటించుచున్నారు. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో నెలకొల్పిన స్టోరీవీవర్‌నందు తెలుగు కథలు ఉచితముగ దొరకును. ఫోనును అపకారియని నిందించుటతో ఆగక, ఆ ఫోనునుండియే కథను బిడ్డకు చదివి వినిపింపవచ్చును.

అర ఏర్పడిన తరువాత కావలసినది మనుష్యుడు. ఉద్యోగవిరమణ చేసినవారు, సెలవులలోని విద్యార్థులు, సాయంకాలము పత్రికకై వచ్చువారు, వీరిలో ఒక్కొక్కరు వారమునకు రెండు దినములు, దినమునకు అరగంట, చుట్టుప్రక్కల వీధుల బిడ్డలను అయిదుగురిని కూర్చుండబెట్టుకొని కథ చదివి, వారిచేత చదివించిన చాలును. ఇంటిపని చేయు స్త్రీ బిడ్డ, రిక్షావాని బిడ్డ, తాపీపనివాని బిడ్డ, వీరికి ఇంట దొరకని పావుగంట అక్కడ దొరకవలెను. తన బిడ్డకు చదువు చెప్పుకొనుట గృహధర్మము. పొరుగు బిడ్డకు చెప్పుట దేశధర్మము. మొదటిది చేసి రెండవది మానినచో, చదివినవాని బిడ్డ చదువును, చదువనివాని బిడ్డ చదువడు. పుట్టుకయే చదువును నిర్ణయించిన పాతకాలపు వ్యవస్థ క్రొత్త వేషమున మరల మన నడుమ నిలుచును. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1951లో నూటికి 18 మందియే అక్షరాస్యులుగ నుండిన దేశము, 2011 నాటికి నూటికి 73కు చేరినది. ఇంతదూరము నడచివచ్చి, బడిలో పేరు వ్రాయించుకొనియు చదువురాని క్రొత్త నిరక్షరాస్యులను మనమే తయారు చేసికొందుమా?

మొక్కగా వంగనిది మానై వంగదని మనవారు చెప్పుదురు. మూడవ తరగతి దాటువరకు చదువుట రాని బిడ్డ, ఆపై ప్రతి పాఠమునందును వెనుకబడును. లెక్కయు, శాస్త్రమును, చరిత్రయు చదువు వచ్చిన కంటికే తెరచుకొనును గదా! ఆ బిడ్డ మందబుద్ధి యని బడి తీర్పు చెప్పును. ‘నాకు రాదు’ అని బిడ్డ నమ్మును. ఆ నమ్మకమును తరువాత ఏ ట్యూషనును తొలగింపలేదు. దానిని రాకుండ చేయు మందు పావుగంట.

పాఠకులారా! వచ్చు విజయదశమివరకు ఆగవలదు. నేటి సాయంకాలమే ఒక అట్టముక్కపై పెద్ద యక్షరములతో ‘అమ్మ’ అని వ్రాసి బిడ్డకు చూపుడు. బిడ్డ లేనివారు పొరుగింటి బిడ్డను పిలువుడు. బియ్యపు పళ్ళెమున దిద్దించుట ఒకనాటి పండుగ. దినదినము ప్రక్కన కూర్చుండి చదివించుటయే సరస్వతికి మనము చేయదగిన నిత్యపూజ.